చల్లగాలి అద్దానికి, చెమట మనకి: పాత బెంజిలో వాక్యూమ్ పైపుల డైరీ

ఏప్రిల్ 12, శనివారం

"ఏసీ పనిచేస్తుంది" అని నాలుగేళ్లుగా ఇంట్లో అందరికీ చెబుతున్నాను. అబద్ధమేం కాదు. బటన్ నొక్కితే కంప్రెసర్ టక్కున పట్టుకుంటుంది. బానెట్ కింద లావుపాటి పైపు రెండు నిమిషాల్లో చెమర్చుతుంది. కాకపోతే ఆ చల్లదనమంతా ముందు అద్దానికే దక్కుతుంది. డ్యాష్‌బోర్డు మధ్య వెంట్ల ముందు చెయ్యి పెడితే గాలి ఆనవాలు కూడా తగలదు. రెండు చివర్ల ఉన్న చిన్న వెంట్లలోంచి ఏదో దయతలచినట్టు కాస్త వస్తుంది, అంతే. మా అత్తయ్య వెనక సీట్లో కూర్చోగానే సంచిలోంచి విసనకర్ర తీస్తుంది. ఏసీ వేసుకున్న బెంజి కారులో విసనకర్ర ఊపుకుంటూ తిరిగే కుటుంబం బెంగళూరు మొత్తంలో మాదొక్కటే అయ్యుంటుంది.

బండి సంగతి కొంచెం చెప్పాలి. 1984 మోడల్ మెర్సిడెస్ 300డి. డబ్ల్యూ123 అనే సిరీస్. 1975 చివర మొదలుపెట్టి 1986 జనవరి దాకా దాదాపు 27 లక్షలు తయారుచేశారు వీటిని. ఐదు సిలిండర్ల టర్బో డీజిల్ ఇంజను, 2998 సీసీ. మాది అమెరికా తరహా బండి, స్టీరింగ్ ఎడమవైపు. విదేశీ దౌత్య ఉద్యోగులు వదిలిపోయిన కార్లను అప్పట్లో స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అమ్మేది. మా మామగారు ఆ దారిలో కొన్నారు. "ఇది మన రోడ్డు మీద నడపొచ్చా సార్?" అని ప్రతి సిగ్నల్ దగ్గరా ఎవరో ఒకరు అడుగుతారు. 1988 మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్, పనిచేసే సిగ్నల్ పరికరం ఉంటే నడపొచ్చు అని నాకు కంఠతా వచ్చేసింది. మామగారు పోయి ఐదేళ్లు. బండి మా బాణసవాడి ఇంటికి చేరి నాలుగేళ్లు.

ఈరోజు పొద్దున బానెట్ తీసి, గాలి ఎందుకు దారి తప్పుతోందో చూద్దామని కూర్చున్నాను. ఈ బండిలో గాలి ఎటు పోవాలో తేల్చేది కరెంటు మోటార్లు కాదు, వాక్యూమ్. డ్యాష్‌బోర్డు లోపల ఒక్కో దారికీ ఒక్కో మూత, ఒక్కో మూతకీ ఒక గుండ్రటి డబ్బీ. డబ్బీలో రబ్బరు పొర ఉంటుంది. సన్న పైపులోంచి గాలిని లాగేస్తే పొర వెనక్కి పోయి, దానికున్న కడ్డీ మూతను కదుపుతుంది. సైకిలు పంపును తిరగేసి వాడినట్టు అనుకోండి.

బ్రేకు తొక్కే బలాన్ని పెంచే బూస్టర్‌కి పోయే లావు గొట్టం మీద చిన్న చిన్న ముక్కులున్నాయి. అక్కణ్నుంచి ఆకుపచ్చ పైపు ఏసీకి, పసుపు పైపు తలుపుల తాళాలకి పోవాలి. రెండూ తెగి ఉన్నాయి. రెండింటి మూతుల్లో చెక్కకు కొట్టే స్క్రూలు బిగించి, పైన ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టారు. టేపు జిగురంతా కారిపోయి, పట్టుకుంటే వేళ్లకి బెల్లం పాకంలా అంటుకుంది. స్క్రూ తలమీద తుప్పు చూస్తే పదేళ్ల పైమాటే.

ఎవరో మహానుభావుడు బాగుచెయ్యడం చేతగాక బిరడా కొట్టి చేతులు దులుపుకున్నాడు. అక్కడే నిలబడి కాసేపు తిట్టుకున్నాను.

ఏప్రిల్ 13, ఆదివారం

నిన్నటి తిట్లలో కొన్ని వెనక్కి తీసుకోవాలేమో.

పెట్రోలు ఇంజనుకి గాలి దారిలో త్రాటిల్ అనే మూత ఉంటుంది. అది మూసుకున్నప్పుడు దాని వెనక వాక్యూమ్ ఊరికే పుడుతుంది. ఈ డీజిల్ ఇంజనుకి ఆ అడ్డమే లేదు, గాలి ఎంత కావాలంటే అంత మింగుతుంది. అందుకని వాక్యూమ్ కోసం ఇంజను ముందు భాగంలో విడిగా ఒక పంపు పెట్టారు. ఆ ఒక్క పంపు మీద బతికేవాళ్ల చిట్టా పెద్దది: బ్రేకు బూస్టర్, ఆటోమేటిక్ గేర్‌బాక్సు, తలుపుల తాళాలు, ఏసీ మూతలు, అన్నిటికన్నా విచిత్రంగా, ఇంజను ఆపడం. తాళంచెవి తిప్పి ఆఫ్ చేస్తే ఈ బండిలో కరెంటు ఇంజనును ఆపదు. తాళం వెనకున్న వాల్వు తెరుచుకుని, గోధుమరంగు పైపు ద్వారా వాక్యూమ్ వెళ్లి డీజిల్ పంపు వెనకున్న డబ్బీని లాగితే, అప్పుడు డీజిల్ ఆగి ఇంజను ఆగుతుంది. ఎక్కడో డిక్కీ పక్కన తాళం డబ్బీకి చిల్లు పడితే, ముందున్న ఇంజను ఆగనంటుంది. ఉమ్మడి కుటుంబం వ్యవహారం ఇది. ఒకడు ఖర్చు పెడితే అందరి పళ్లెంలోనూ కూర తగ్గుతుంది.

పరీక్షగా ఆకుపచ్చ పైపు స్క్రూ తీసి, రబ్బరు గొట్టం ముక్కతో మళ్లీ కలిపాను. ఇంజను స్టార్ట్ చేశాను. రెండు నిమిషాలాగి తాళంచెవి తిప్పి చేతిలోకి తీసుకున్నాను. ఇంజను ఆగలేదు. డగడగమంటూ తన పాటికి తాను ఆడుతోంది. మా అమ్మాయి ఏడో తరగతి, టార్చి పట్టుకుని పక్కనే ఉంది. "నాన్నా, తాళం నీ చేతిలో ఉంది కదా?" అని అడిగింది. ఉంది. పక్కింటాయన గేటు దగ్గరికొచ్చి చూస్తున్నాడు. చివరికి బానెట్ లోపలికి వంగి, "స్టాప్" అని రాసున్న ఎర్ర లివర్ నొక్కాను. ఇంజను దగ్గినట్టు ఊగి ఆగింది. ఆ లివర్ పెట్టినవాళ్లకి ఈ రోజు వస్తుందని ముందే తెలుసన్నమాట.

పసుపు పైపు కలిపినా అదే కథ. రెండింటికీ స్క్రూలు పెట్టేస్తే తాళంచెవి తిప్పిన రెండో సెకనుకి ఇంజను గమ్మునుంటుంది.

అంటే స్క్రూలు పెట్టినవాడికి లెక్క తెలుసు. ఇంజను ఆగడం ముఖ్యం, మొహానికి గాలి ముఖ్యం కాదు. నేనైనా అదే చేసేవాణ్నా? ఆ ప్రశ్న పక్కనపెట్టి పైపులన్నిటికీ పేపరు ప్లాస్టర్ ముక్కలు అంటించి నంబర్లు రాశాం. రంగులు వెలిసి ఆకుపచ్చ, బూడిద రంగు ఒకటేలా ఉన్నాయి. అమ్మాయి కళ్లకి తేడా తెలుస్తోంది, నాకు తెలియట్లేదు.

ఏప్రిల్ 19, శనివారం

కొరియర్‌లో చేతి వాక్యూమ్ పంపు వచ్చింది. పిస్తోలులా ఉంటుంది, పైన ముల్లు ఉన్న మీటరు. ఈ పనికి ఒకే ఒక్క పనిముట్టు కొనమంటే ఇది కొనండి. ఇది లేకుండా పైపులు విప్పడమంటే జ్వరం చూడకుండా మాత్రలు మింగడమే.

ముందుగా ఇంజను పంపు సత్తా చూద్దామని లావు గొట్టానికి మీటరు తగిలించాను. ఐడ్లింగ్‌లో 19.5 అంగుళాల పాదరసం (వాక్యూమ్‌ని, గాలి ఒత్తిడిని కొలిచే లెక్క ఇదే). గుండె జారింది. ఈ ఇంజను బాగుంటే 22, 23 రావాలని అనుభవజ్ఞులు చెబుతారు. పంపు పోయిందంటే మామూలు ఖర్చు కాదు. పైగా ఈ పంపుకి ఇంకో చెడ్డపేరుంది. లోపల బేరింగ్ విరిగితే బంతులు టైమింగ్ చెయిన్‌లో పడి ఇంజను మొత్తాన్ని పట్టుకుపోతాయి. గంటసేపు ధరలు వెతుకుతూ కూర్చున్నాను.

తర్వాత వెలిగింది. మనం ఉన్నది బెంగళూరులో. సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల పైన.

వాక్యూమ్ అంటే పంపు ఏదో బలంతో లాగడం కాదు. పంపు లోపలి గాలి తీసేస్తే, పని చేసేది బయటి గాలి. అది నెడుతుంది, అంతే. బయటి గాలే పలచగా ఉన్న ఊళ్లో నెట్టే బలమూ తక్కువే. నా ఫోనులో గాలి ఒత్తిడి కొలిచే బారోమీటర్ ఉందని ఎప్పుడూ పట్టించుకోలేదు. తెరిచి చూస్తే 908 హెక్టోపాస్కల్స్. అంటే 26.8 అంగుళాలు. సముద్రతీరంలో అది 29.9. చెన్నైలో 22.5 చూపించే పంపు తన వెనక 7.4 అంగుళాల గాలి మిగుల్చుతోంది. మా పంపు ఇక్కడ 7.3 మిగుల్చుతోంది. ఇదే పంపు మెరీనా రోడ్డు మీద పెడితే 22న్నర దాటి చూపిస్తుంది. పంపులో ఏ లోపమూ లేదు, ఊరు ఎత్తులో ఉందంతే. మద్రాసు లెక్కలతో బెంగళూరు బండిని కొలవకూడదని కాగితం మీద పెద్దక్షరాలతో రాసి బానెట్ లోపల అంటించాను.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఇక్కడ మనకు చేతిలో ఉన్న బలమే మూడు అంగుళాలు తక్కువ కాబట్టి, చెన్నైలో ఎవరూ పట్టించుకోని చిన్న లీకు ఇక్కడ ఇంజను ఆగకుండా చెయ్యగలదు.

ఏప్రిల్ 20, ఆదివారం

మాలూరు మేస్త్రి వచ్చాడు. కోలారు జిల్లా మనిషి. తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ మూడూ ఒకే వాక్యంలో కలిపేస్తాడు. నలభై ఏళ్లుగా డీజిల్ బెంజిల మీదే చెయ్యి. మామగారి కాలం నుంచీ ఈ బండి తెలుసు.

"ఏం సార్, మళ్ళా గెలుకుతా ఉండారా దీన్ని?" అన్నాడు. స్క్రూలు చూపించి, ఈ ఘనకార్యం ఎవరిదో తెలుసా అన్నా అని అడిగాను. స్క్రూల వంక చూశాడు, నా వంక చూశాడు. "ముందు గోధుమరంగుది చూద్దాం సార్. దాని కత వేరే ఉంటాది" అన్నాడు.

డీజిల్ పంపు వెనక డబ్బీ నుంచి గోధుమరంగు పైపు ఊడబీకి, దాని మూతి కాగితం మీద తట్టాడు. నల్లటి ఇంజనాయిలు బొట్టు పడింది. కాగితం మీద మెల్లగా రూపాయి బిళ్లంత పాకింది. లోపలి రబ్బరు పొర చిరిగితే వాక్యూమ్ పీల్చుకునేది గాలిని కాదు, ఇంజనాయిలుని. ఆ ఆయిలు పైపు వెంట తాళం వాల్వు దాకా పాకి, దారిలో రబ్బరు జాయింట్లన్నిటినీ ఉబ్బించి మెత్తబరుస్తుంది. చేతి పంపుతో పది అంగుళాలు లాగి వదిలితే ముల్లు మన కళ్లముందే సున్నాకి జారిపోయింది. స్క్రూలున్నా ఇన్నాళ్లూ ఇంజను ఆగడమే గొప్ప.

కొత్త డబ్బీకి ఆర్డర్ పెట్టాం. రావడానికి పదిహేను రోజులు. అందాకా ఇంజను ఆపడానికి ఎర్ర లివరే. (ఇక్కణ్నుంచి వారం చివర చేర్చింది.) ఆఫీసు పార్కింగ్‌లో రోజూ బానెట్ ఎత్తి ఇంజను ఆపుతున్నాను. సెక్యూరిటీ అతను మొదటిరోజు సాయానికి పరిగెత్తుకొచ్చాడు, నాలుగోరోజుకి తనే వచ్చి లివర్ నొక్కుతున్నాడు.

ఏప్రిల్ 26, శనివారం

పైపుల వేట. జె.సి. రోడ్డులో మూడు దుకాణాలు తిరిగాను. "వాక్యూమ్ పైపు" అంటే బ్రేకు బూస్టర్ పైపు చేతిలో పెడుతున్నారు. నాకు కావాల్సింది లావు పెన్సిల్ కన్నా సన్నటిది. శివాజీనగర్ గుజరీలో ఒకాయన దగ్గర పాత జర్మన్ బండిలోంచి తీసిన పైపుల చుట్ట దొరికింది, కిలో లెక్కన అమ్ముతానన్నాడు. తీసుకున్నాను. కానీ తెలిసిందేమిటంటే, పాత గట్టి ప్లాస్టిక్ పైపులు నలభై ఏళ్లయినా చెక్కుచెదరవు. చచ్చేది వాటి మధ్యనుండే రబ్బరు జాయింట్లు. మా బండివి వంచి చూస్తే ఎండు ఖర్జూరంలా ముడతల మధ్య పగుళ్లు. చేత్తో లాగితే జాయింటు సగం పైపుకి, సగం నా గోటికి వచ్చింది.

కాబట్టి పైపులు మార్చక్కర్లేదు, మూతులు మారిస్తే చాలు. రసెల్ మార్కెట్ దగ్గర అక్వేరియం దుకాణంలో సిలికాన్ పైపు దొరికింది. చేపల తొట్టికి గాలి ఊదే పైపు. పక్కనే పారదర్శకంగా ఉండే చవకరకం కూడా ఉంది. అది వద్దు. అది వేడికి ఆరునెలల్లో గట్టిపడి జారిపోతుంది. సిలికాన్ మెత్తగా పట్టుకుంటుంది, వేడిని ఓర్చుకుంటుంది. దానికున్న ఒకే ఒక్క బలహీనత ఆయిలు. తగిలితే ఉబ్బిపోతుంది. అందుకని క్యాబిన్ లోపలికి సిలికాన్, బానెట్ కింద డీజిల్ పైపులకు వాడే నల్లరబ్బరు. చేపల దుకాణం కుర్రాడు "ఎన్ని తొట్లు అన్నా?" అని అడిగాడు. బెంజి కారుకి అంటే నమ్మలేదు.

మే 1, గురువారం

సెలవు. రోజంతా గ్లవ్ బాక్స్ లోపల తలపెట్టి గడిచింది. ఎడమ స్టీరింగ్ కాబట్టి మా గ్లవ్ బాక్స్ కుడివైపు. అది విప్పితే వెనక పైపుల గూడు కనిపిస్తుంది. అందులో ఐదు మూతుల స్విచ్చు దిమ్మె ఒకటి. బటన్ నొక్కితే ఇందులో వాల్వులు టిక్కుమని తెరుచుకుని ఏ డబ్బీకి వాక్యూమ్ పంపాలో ఆ డబ్బీకి పంపుతాయి.

పద్ధతి ఇది. ఒక్కో డబ్బీ పైపు విప్పడం, చేతి పంపు తగిలించడం, పన్నెండు అంగుళాలు లాగడం, నిమిషం పాటు ముల్లు చూడడం. అమ్మాయి ఫోనులో నిమిషం పెట్టి, పుస్తకంలో రాసింది. కాళ్ల దగ్గరి రెండు డబ్బీలు: ముల్లు కదల్లేదు. మధ్య వెంట్లది: కదల్లేదు. దానికి చెయ్యి పెట్టాలంటే డ్యాష్‌బోర్డు సగం ఊడదియ్యాలి, కాబట్టి ఆ నిమిషమంతా నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను. మొదటిసారి మధ్య మూత "టప్"మని తెరుచుకున్న చప్పుడు విన్నాను. నాలుగేళ్లలో ఎప్పుడూ వినని చప్పుడు. అద్దానికి గాలి పంపే మూతది రెండు అంచెల డబ్బీ, రెండు ముక్కులు. రెండూ నిలబడ్డాయి.

బయటి గాలి, లోపలి గాలి మార్చే మూతదీ రెండు అంచెల డబ్బీయే. మొదటి అంచె బాగుంది. రెండోది లాగుతుంటే ఉఫ్ ఉఫ్ మంటూ ముల్లు నాలుగు దాటలేదు. చిల్లు. దొరికింది దొంగ.

ఇక్కడే మూడో స్క్రూ కూడా దొరికింది. ఇదే డబ్బీకి పోయే పైపులో కాదు, పక్క పైపులో! ఎవరో చీకట్లో తడుముకుని వేరే దానికి బిరడా కొట్టారు. అది చూసి చాలా సంతోషించాను. నాకు మాత్రమే జరుగుతుందనుకున్న పొరపాటు అది.

మే 10, శనివారం

డీజిల్ పంపు డబ్బీ వచ్చింది, మేస్త్రి బిగించాడు. ఆయిలు పాకిన గోధుమరంగు పైపుల జాయింట్లన్నీ మార్చాం. ఆ పని బాగా జరిగింది, చెప్పడానికేం లేదు.

ఆ తర్వాతిది బాగా జరగలేదు. దిమ్మె మీద ఐదు మూతులూ కలిపి, ఇంజను స్టార్ట్ చేసి, ఏసీ బటన్ నొక్కాను. చల్లగాలి పాదాలకి కొట్టింది. డీఫ్రాస్ట్ నొక్కితే మధ్య వెంట్లలోంచి వచ్చింది. అద్దం తుడవమంటే మొహం తుడిచినట్టు. వెలిసిన రంగులు నమ్మి రెండు పైపులు తారుమారు చేశాను. అమ్మాయి పుస్తకం తెరిచి, "నేను బూడిద రంగని రాశాను నాన్నా, నువ్వే ఆకుపచ్చ అన్నావు" అంది. ఇకపైన రంగుల విషయంలో దాని మాటే వేదం.

సరిచేశాక మధ్య వెంట్లలోంచి గాలి. చాలా గాలి. కానీ చల్లగా లేదు, గోరువెచ్చన! వంటింట్లో పాలకి వాడే థర్మామీటరు వెంట్‌లో పెడితే 19 డిగ్రీలు. బయట 33.

బానెట్ తీసి హీటరుకి పోయే నీటి పైపు పట్టుకుంటే చెయ్యి కాలింది. ఏసీ గాలి లోపల చల్లబడి, వెంటనే హీటరు మీదుగా పోయి వేడెక్కుతోంది. వేడినీటిని ఆపే వాల్వు కరెంటు వస్తే మూసుకుంటుంది, కరెంటు లేకపోతే తెరిచి ఉంటుంది. విప్పితే లోపల రబ్బరు పొర అంచు పొడుగునా చిరిగి ఉంది. ఎంత కరెంటు ఇచ్చినా నీళ్లు ఆగవు.

ఇక్కడ ఆగి ఆ ఇంజనీర్ల బుర్రలోకి వెళ్లాలనిపించింది. వాక్యూమ్ పోతే గాలి అద్దానికి. కరెంటు పోతే హీటరు ఆన్. చలిదేశంలో కూర్చుని ఆలోచించినవాళ్ల లెక్క అది. ఏది చెడిపోయినా అద్దం మీద మంచు కరగాలి, లోపలి మనిషి గడ్డకట్టకూడదు. వాళ్లకి అది ప్రాణరక్షణ. అదే ఏర్పాటు బాణసవాడికి వచ్చేసరికి మా అత్తయ్య చేతికి విసనకర్రయింది.

వాల్వు లోపలి భాగం విడిగా దొరుకుతుంది, డబ్బీతోపాటే తెప్పించాను కాబట్టి గంటలో అయిపోయింది. విప్పేముందు ఇంజను బాగా చల్లారనివ్వండి, లేదంటే వేడి కూలెంట్ మోచేతి దాకా కడుగుతుంది. ఇంకో సంగతి, హీటరు దారిలో చిన్న కరెంటు నీటిపంపు ఒకటుంది. అది బిగుసుకుపోతే ఎక్కువ కరెంటు లాగి బటన్ల యూనిట్‌నే కాల్చేస్తుంది. మాది చేత్తో తిప్పితే తిరిగింది. బతికిపోయాను.

థర్మామీటరు మళ్లీ పెట్టాం. 9 డిగ్రీలు. అమ్మాయి వెంట్ ముందు మొహం పెట్టి పది నిమిషాలు కదల్లేదు.

మే 18, ఆదివారం

మధ్యాహ్నం నుంచి వాన. మామూలు వాన కాదు, మా వీధి చివర నీళ్లు నిలిచిపోయేంత వాన. డీఫ్రాస్ట్ పరీక్షకి ఇంతకన్నా మంచిరోజు రాదని అత్తయ్యని, అమ్మాయిని ఎక్కించుకుని ఔటర్ రింగ్ రోడ్డు దాకా వెళ్లొచ్చాను. లోపల అద్దం మసకబారగానే బటన్ నొక్కితే గాలి మళ్లి, కింది నుంచి పైకి తెరలా తేటపడింది. ఇంకో బటన్‌కి మళ్లీ మొహానికి. గేర్లు కూడా ఇంతకుముందులా దెబ్బకొట్టినట్టు పడట్లేదు. దాని వాక్యూమ్ వాటా దానికి ముట్టిందన్నమాట. అత్తయ్య విసనకర్ర తియ్యలేదు. కానీ పైట చెంగు భుజాల చుట్టూ కప్పుకుని "కాస్త తగ్గించు బాబూ" అంది.

ఇంటికొచ్చి తాళంచెవి తిప్పాను. ఒక సెకను, ఒకటిన్నర, ఇంజను ఆగింది.

సాయంత్రం మేస్త్రి టీ తాగడానికొచ్చాడు. అన్నీ చూపించాను. మూడు స్క్రూలు ఒక గిన్నెలో వేసి పెట్టాను, అదీ చూపించాను. ఒకటి తీసుకుని వేళ్ల మధ్య తిప్పాడు.

"ఇవి పెట్టింది నేనే సార్."

నేనేం మాట్లాడలేదు.

"పెద్దాయనకి అప్పటికే నడుము పట్టేసింది. ఇంజను ఆగేది లేదు. దినామూ బానెట్ ఎత్తి, లోపలికి వంగి, ఎర్రది నొక్కాల. ఒకరోజు వంగినాయన లేవలేకపోయినాడు. నాకు ఫోన్ చేసి ఒకటే అడిగినాడు, తాళం తిప్పితే ఆగాల, అంతే, ఇంకేమీ వద్దు అని. డబ్బీలు అప్పుడు యాడ దొరికేవి సార్? స్క్రూ పెట్టేసినా. ఆపొద్దు నుంచి ఆగింది."

"మూడోది తప్పు పైపుకి పెట్టావన్నా" అన్నాను.

"చీకట్లో పెట్టినా" అని నవ్వాడు.

ఏప్రిల్ 12న రాసింది కొట్టెయ్యడం లేదు, ఉండనీ.

మిగిలింది రెండు. తలుపుల తాళాల పసుపు పైపు ఇంకా కలపలేదు. వెనక ఎడమ తలుపు డబ్బీ లీకు, తలుపు అట్ట విప్పాలి, అది వానాకాలం పోయాక. దాని మూతిలో కొత్త స్క్రూ పెట్టాను. రెండోది, బయటి గాలి మూత డబ్బీ. దాని రెండో అంచె చిల్లుదే కదా. అది ఉన్నచోటికి నా చెయ్యి దూరలేదు, మేస్త్రి చెయ్యీ దూరలేదు, అమ్మాయి చెయ్యి దూరింది కానీ దాన్ని విప్పే బలం లేదు. అది కలిపితే ఇంజను ఆగడానికి ఎనిమిది సెకన్లు పడుతోంది. కలపకపోతే లోపలి గాలి తిప్పుకోవడం కుదరదు, ఎప్పుడూ బయటి గాలే, ట్రాఫిక్‌లో లారీ పొగతో సహా. ఆలోచించి గిన్నెలోంచి మేస్త్రి పాత స్క్రూ ఒకటి తీసి, తుప్పు గీకి, ఆ పైపు మూతిలో బిగించాను. ఈసారి సరైన పైపుకే. అమ్మాయి పేపరు ప్లాస్టర్ చుట్టి, దానిమీద బాల్‌పెన్నుతో రాసింది: "చిల్లు. నాన్న పెట్టాడు. మే 18."